రూప్లా తండాకు మూలం చూపండి

మిర్చి బస్తా కొనేటప్పుడు నేను పైకాయలు చూడను. అడుగు దాకా చెయ్యి పోనిస్తాను. దమ్మపేటలో ఇరవై రెండేళ్ల వ్యాపారం నేర్పిన విద్య అది. బేరాలు లేని మధ్యాహ్నాలు తెలుగు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మా చుట్టుపక్కల ఊళ్ల పేజీలకు కాపలా కాసేదీ ఆ విద్యతోనే.

అక్కడికి కొత్తగా వచ్చేవాళ్లంతా ఒకే రకం సరుకు. వైరా నుంచి ఒకడు తన మామ మీద "మహోన్నత వ్యక్తి" అని పేజీ పెట్టాడు. ఆధారం, ఆ మామ పుట్టినరోజుకు తనే కట్టించిన ఫ్లెక్సీ ఫోటో. పెనుబల్లి వాడొకడు రిజర్వాయరు పేజీ మధ్యలో తన ఫోన్ నంబరు, ప్లాట్ల రేటు రాశాడు. వీళ్లకు నేను పంపే హెచ్చరిక మూడు వాక్యాలే: "మీరు రాసినదానికి మూలం లేదు. విన్నదీ అనుకున్నదీ ఇక్కడ రాయకూడదు. మూడోసారి రాస్తే మీ ఖాతా ఆపేస్తారు." చదివేది పదిమందిలో ఒకరు. మిగతా తొమ్మిదీ తాలు కాయలే.

మార్చిలో భార్గవి అనే ఖాతా రూప్లా తండా పేజీ మీద చెయ్యి వేసింది. "ఈ తండాను రూప్లా నాయక్ స్థాపించాడు" అన్న వాక్యం తీసేసి, "అడవిలో మొదటి గుడిసె వేసింది గోరి అనే ఆడమనిషి, రూప్లా ఆమె కొడుకు" అని రాసింది. మూలం దగ్గర "మా నాయనమ్మ ద్వాలి చెప్పింది" అని పెట్టింది. పాత వాక్యం తిరిగి పెట్టి హెచ్చరిక పంపాను. మళ్లీ రాసింది. మళ్లీ తీసేశాను. ఇంకొక్కసారి రాస్తే ఆ ఖాతా పోతుంది, దాంతోపాటు గోరి పేరూ పోతుంది.

మూడోసారి రాయలేదు. నేరుగా దుకాణానికే వచ్చింది. నా పేరూ ఊరూ నా వాడుకరి పేజీలోనే ఉన్నాయి మరి. ముప్పై ఏళ్లుంటాయి, సర్కారు బడిలో టీచరట.

"ఆంథోని సేటు మీరేనా? హెచ్చరికలు గట్ల రాస్తరేంది, పోలీసోళ్ల లెక్క?"

"నాయనమ్మ చెప్పిందని రాస్తే గట్లనే రాస్తరమ్మా. రేపు ఇంకో నాయనమ్మ ఇంకోటి చెప్తది. అచ్చులో చూపియ్యి."

"మీ రూప్లా నాయక్ సంగతి అచ్చులో ఉందా?"

"ఎందుకు లేదు? పేజీ కింద చూడు. రెండేళ్ల కిందటి పేపరు."

"చూసిన. తారీఖు కూడా చూసిన." ఆ పేజీలో ఎవరెవరు ఎప్పుడేం రాశారో చూపించే చరిత్ర తెరిచి ఫోను నా ముందు పెట్టింది. "పేపర్ల వచ్చింది ఆగస్టు. మీరు గా వాక్యం రాసింది గదే ఏడాది ఫిబ్రవరి. ఒక్క మాట తేడా లేదు సేటూ. వాళ్లు మీ దగ్గర ఎత్తిండ్రు. మీరేమో పోయి వాళ్లనే సాక్ష్యం తెచ్చుకున్నరు. మరి ఫిబ్రవరిల మీకెవరు చెప్పిండ్రు? నాయనమ్మ గిట ఉన్నదా మీకు?"

కాటా దగ్గరున్న మా గుమాస్తా శ్యామల కిసుక్కున నవ్వింది.

నాకెవరూ చెప్పలేదు. తండాలకు నాయకుల పేర్లే ఉంటాయి కదా, ఇదీ అంతేనని రాసేశాను. అంటే పైకాయ చూసి బస్తా కొన్నాను. నేనమ్మిన బస్తానే తిరిగి కొని, కొత్త సరుకని మురిశాను కూడా. ఇంత తెలివితక్కువ వ్యాపారి ఈ బజారులో ఇంకొకడు లేడు.

"తీసేస్తా," అన్నాను.

"మరి గోరి?"

"నీ మాటకూ అచ్చు లేదుగా. రెండూ ఉండవు."

"మా నాయనమ్మకు ఎనభై నాలుగేళ్లు. ఆమె పోతే చెప్పేటోళ్లు లేరు సేటూ."

"అయితే జల్దీ కానియ్యి. ఆమె చెప్పేది రాసుకో. పక్క తండా ముసలోళ్లను అడుగు. మొదటి పట్టా నకలుకు దరఖాస్తు పెట్టు. అన్నీ కలిపి ఏదన్నా పత్రికకు పంపు. వాళ్లు వాకబు చేసుకొని వేస్తరు. రాసింది నువ్వే గనక దాన్ని పేజీలో పెట్టేది మాత్రం నువ్వు కాదు, ఇంకొకరు."

"ఇంకొకరంటే?"

"నేనే. తాలు పోను ఇక్కడ మిగిలిందెవరు?"

"అవ్, మీరే గట్టి కాయ," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నా వాక్యం నేనే తీసేశాను. నా చర్చా పేజీలో అప్పటికే ఒక సందేశం ఉంది: "మీరు రాసినదానికి మూలం లేదు. విన్నదీ అనుకున్నదీ ఇక్కడ రాయకూడదు." కింద భార్గవి సంతకం. దాన్ని చెరపలేదు.

ఆగస్టులో వ్యాసం అచ్చయింది. పట్టా నకలు ఫోటో కూడా వేశారు. పట్టాదారు: గోరి. అడుగు దాకా చెయ్యి పోనిచ్చి చూశాకే ఆ పేరు పేజీలో ఎక్కించాను.

గంట తిరక్కుండానే ఎవడో కొత్తవాడు వచ్చి దాన్ని కొట్టేసి, "ఈ తండా స్థాపకుడు మా తాత లాల్‌సింగ్" అని రాశాడు. మూలం, ఫ్లెక్సీ.

మొదటి హెచ్చరిక పంపాను.