సున్నం మచ్చ శాలువా

నేను ఒక శాలువాను. చలి కాయడానికి పుట్టిన వస్తువును. కాని మన దేశంలో శాలువాకు ఆ పని ఎవరు చెబుతారు? మే నెల ఎండలో, మైకు ముందు, చెమటలు కారుతున్న మనిషి మెడ మీద నన్ను పడేసి, ఫోటో తీసి, చప్పట్లు కొడతారు. దాన్నే సన్మానం అంటారు. నా కింద ఒకసారి ఒక పెద్దమనిషి అలా ఉడికి ఉడికి సగానికి సగం తగ్గిపోయాడు. ఆయన చొక్కా ఆయనకే వదులైపోయింది. నేను కళ్ళారా చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం.

ఉత్తరాది మిల్లులో పుట్టాను. ఒంట్లో ఉన్ని ఎంత ఉందో నాకే తెలియదు. కొట్టువాడు మాత్రం అసలు కాశ్మీరు అని ప్రమాణం చేసి అమ్మాడు. కొన్నది తిప్పేస్వామి. రైల్వేలో గార్డుగా రిటైరై, మా జంక్షన్ ఊరి ఫుట్‌బాల్ టీముకు సెక్రటరీ అయినవాడు. కొత్త కోచ్ ఎలీషా సార్ రైలు దిగిన రోజున ప్లాట్‌ఫారం మీదే ఆయనకు నన్ను కప్పారు.

ఆయన ఫోటో అవగానే నన్ను మడిచి తిప్పేస్వామి చేతిలో పెట్టాడు. "నాకెందుకప్పా ఇది? టీము ట్రంకులో ఉండనీ. దేనికో ఒకదానికి పనికొస్తాది."

పనికొచ్చాను మరి! ప్రాక్టీసులో గోలు గుర్తుగా నేల మీద పడి ఉన్నాను. కాలు బెణికినవాడిని మోశాను. ఒకనాడు గీతలు గీసే సున్నం తట్ట నా మీద బోర్లాపడి ఒక మూల తెల్లగా అయిపోయింది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మచ్చ పోలేదు. అయినా ముఖ్య అతిథి ఎవరొచ్చినా తిప్పేస్వామి మచ్చ లోపలికి మడిచి నన్నే కప్పేవాడు. అతిథి భోజనానికి వెళ్ళగానే చల్లగా లాగి మళ్ళీ ట్రంకులో వేసేవాడు. అలా ఎన్ని మెడలు ఎక్కి దిగానో లెక్కే లేదు.

ఎలీషా సార్ ఆట గురించి చెప్పాలి. ఒక్క గోలు కొట్టించేవాడు. తర్వాత పదకొండు మందినీ మన గోలు ముందు గోడలా నిలబెట్టేవాడు. అంతే ఆట. ఊరు ఆయనకు 'సిమెంటు సార్' అని పేరు పెట్టింది. గెలిస్తే "ఇదేం గెలుపు?" అని తిట్టేవారు, ఓడితే "గోడ ఏమాయె?" అని తిట్టేవారు. ఈ అభిమానులనే జాతికి ఏం కావాలో వాళ్ళకైనా తెలుసా అని నా అనుమానం.

వాళ్ళలో పెద్ద గొంతు మద్దిలేటిది. స్టేషన్ గేటు దగ్గర టీ అంగడి. అతను 'గోలు!' అని అరిస్తే అవతల గూడ్సు బండి బ్రేకు వేసేది. అతని తమ్ముడు ఈరన్న మా టీముకు గోలు కొట్టే మొనగాడు. సార్ వచ్చిన ఆరో ఏడు ఫైనల్లో గోలు కొట్టింది వాడే. ఇంకో పది నిమిషాల ఆట ఉందనగా ఎలీషా సార్ వాడిని బయటికి పిలిచి, గోడకు ఇంకో ఇటుకను లోపలికి పంపాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఊరికి కప్పు వచ్చింది. ఈరన్న మాత్రం బూట్లు విప్పి మళ్ళీ తొడగలేదు, గ్రౌండు వైపే రాలేదు. ఆ రోజు నుంచి మద్దిలేటి కోచ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. మ్యాచ్ మాత్రం ఒక్కటీ మానలేదు.

మూడేళ్ళు గడిచాయి. సార్‌కు వయసు మీదపడింది, సొంతూరికి వెళ్ళిపోతానన్నాడు. డిసెంబరు నెల, పొద్దున ఆరున్నర బండి. మా జంక్షన్‌లో ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకు మారాలి కాబట్టి బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. మా ఊళ్ళో వీడ్కోలు సన్మానాలన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే. శాలువా కప్పేది అందరికంటే పాత అభిమాని. అది ఆనవాయితీ. అంటే మద్దిలేటి. "నేను రాను పో" అన్నాడట. ఆయన వెళ్ళిపోయేలోగా ఈ మనిషి నోరు విప్పుతాడా లేదా అన్నదే ఊరంతటికీ బెంగ. నాకూ బెంగే.

పద్దెనిమిది నిమిషాలు ఉపన్యాసాలకే పోయాయి. అప్పుడు వచ్చాడు మద్దిలేటి, చేతిలో టీ కెటిలుతో. తిప్పేస్వామి కెటిలు లాక్కొని నన్ను చేతిలో పెట్టాడు.

"రెండు ముక్కలు చెప్పి కప్పెయ్‌రా మద్దిలేటీ, సిగ్నల్ పడ్తాది!"

"ఉండప్పా. మూడేండ్లు నోరు మూసుకోనుండా. ఈ పొద్దు తెరిచినా. మూసేది నా ఇష్టం." కోచ్ వైపు తిరిగాడు. "సార్, మొదటేడు ఆదోని మీద సున్నా సున్నా. వానలో తొంభై నిమిషాలు నిలబడితి. ఒక్క బంతన్నా ముందుకు పోయిందా? రెండో ఏడు ధర్మవరం మీద నలభై ఆరో నిమిషంలో గోలు కొట్టి..."

"నలభై ఎనిమిదో నిమిషం అప్పా," అన్నాడు సార్.

"నలభై ఆరు! నేను చూసినా!"

"నేను మాత్రం కండ్లు మూసుకోనుంటినా?"

బండి కదిలింది. సార్ ఎక్కాడు. మద్దిలేటి ఇంకా రెండో ఏడు దాటలేదు. ఏం చేస్తాడు? నన్ను భుజాన వేసుకొని వాకిలి కమ్మీ పట్టుకొని ఎక్కేశాడు. వెనక తిప్పేస్వామి "శాలువా! శాలువా!" అని పరుగెత్తుతున్నాడు. మనిషి పోతున్నాడని కాదు చూడండి, శాలువా పోతోందని!

కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. మూడో ఏడు, నాలుగో ఏడు, అయిదో ఏడు. ప్రతి మ్యాచూ, ప్రతి నిమిషమూ తిట్టాడు. పెళ్ళాం పుట్టినరోజు గుర్తుండని మనిషికి ఆ ఆటలన్నీ నోటికి వచ్చు. ఆరో ఏడు ఫైనల్ వచ్చింది.

"ఇంకో పది నిమిషాలు వాణ్ని ఆడనిస్తే నీ ఆస్తి కరిగిపోయేదా సార్?"

"అలిసిపోయినాడప్పా వాడు. నాకు ఆ పొద్దు గెలవాల. వాడి మనసు విరుస్తాననీ తెలుసు. మళ్ళీ ఆ పొద్దు వచ్చినా అదే చేస్తా."

"చేస్తావు. తెలుసు." మద్దిలేటి నన్ను పిడికిట్లో నలిపాడు. "వాడు ఇంట్లో తలుపేసుకోని ఏడుస్తాంటే నేను కప్పు నెత్తిన పెట్టుకోని ఊరంతా ఎగిరినా సార్. ఇంటికి పోయి వాని మొగం చూడలేకపోతి. నిన్ను తిట్టకుంటే ఇంకెవర్ని తిట్టాల?"

 "ఏడో ఏడు చెప్పు" అన్నాడు సార్.

చెప్పాడు. ఎనిమిదో ఏడు మధ్యలో చూస్తే సార్ తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. చలిగాలికి ముసలి భుజాలు ముడుచుకొని ఉన్నాయి. మద్దిలేటి తిట్టు సగంలో ఆపాడు. నన్ను విప్పి, మెడ దాకా కప్పి, అంచు వీపు కిందికి దోపాడు. మచ్చ పైకే ఉంది. ఫోటో లేదు, చప్పట్లు లేవు. తొమ్మిదేళ్ళకు నా ఒంట్లో ఉన్న ఆ కాస్త ఉన్నీ వెచ్చబడింది.

తర్వాతి స్టేషన్‌లో మద్దిలేటి దిగాడు. టికెట్టు లేదని పట్టుకున్నారట. పట్టుకున్నవాడికి కూడా ధర్మవరం మ్యాచ్ మొత్తం చెప్పి గాని వదల్లేదట.

ఇప్పుడు సార్ పడకకుర్చీ మీద ఉంటున్నాను. ఆదివారం ఆదివారం మద్దిలేటి ఫోన్ వస్తుంది. కొత్త కోచ్ అందరినీ ముందుకు తరుముతాడట. మొన్న మూడు గోల్స్ కొట్టి నాలుగు తిని ఓడారు.

"నీ జబ్బు నాకంటించి పోతివి కదా సార్!" ఫోన్ పగిలేలా అరుస్తున్నాడు. "ఒక్క గోలు పడితే చాలు, 'ఇంక గోడ కట్టండ్రా' అని నా నోట్లోంచే వస్తాంది. పక్కన ఈరన్న కూర్చోని ఒకటే నగుతాడు."

"ఎవరు? ఈరన్న గ్రౌండుకొచ్చినాడా?" సార్ కుర్చీలో లేచి కూర్చున్నాడు. నేను కింద పడ్డాను. ఎవరూ తీయలేదు.