హంస ఎక్కిన కొండ

ఆ పొద్దున కొండదారి మూడో మలుపు దగ్గరకొచ్చేసరికి అతని ఎడమ మోకాలు ఎప్పటిలాగే టక్కుమంది. అతను పట్టించుకోలేదు. సీటు మీదనుంచి లేవకుండా, భుజాలు కదలనివ్వకుండా తొక్కుతూనే ఉన్నాడు. వెనకనుంచి చూస్తే సైకిలే మనిషిని మోసుకుపోతున్నట్టుంటుంది. ముందునుంచి చూస్తే మాత్రం మెడనరాలు ఉబ్బిపోయి, పళ్ళు బిగుసుకుని ఉంటాయి. ముందునుంచి చూడడానికి ఆ రోడ్డు మీద ఎవరూ ఉండరు గనక సరిపోయింది.

ఊరికి నీళ్ళొదిలేది అతనే. కొండమీద ట్యాంకు, దాని కింద గది, గదిలో పెద్ద ఇనప వాల్వు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దాన్ని తిప్పితే ఊళ్ళో కుళాయిలు కాసేపు దగ్గి, తర్వాత నీళ్ళు పోస్తాయి. చీకటిపడేలోగా మళ్ళీ కట్టేయాలి. ఊరంతా అతణ్ణి వాల్వాయన అంటారు. అసలు పేరు చెప్పమంటే జీతాలిచ్చే గుమాస్తా కూడా తల గోక్కోవలసిందే. నీళ్ళు రాకపోతే తిట్టడానికి పేరెందుకు?

పైకి చేరి, సైకిలు గోడకానించి, జేబులోంచి తెల్లరుమాలు తీశాడు. ఇస్త్రీ మడత విప్పి నుదురు, చెంపలు, మెడ అద్దుకున్నాడు. మళ్ళీ నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు.

హంస అలాగే చేసేవాడు. ఒకప్పుడు సైకిలు పందేల్లో అంతటివాడు లేడు. తొక్కుడులోని ఆ సొగసు చూసి పత్రికలవాళ్ళే హంస అని పేరుపెట్టారు. ఒక పందెంలో పొద్దున్నే పడి మోకాలు చిట్లింది. అయినా మంచు కురిసే కనుమలో తక్కినవాళ్ళంతా దిగి సైకిళ్ళు నెట్టుకుంటుంటే, హంస ఒక్కడే సీటు మీదనుంచి లేవకుండా ఎక్కేశాడు. గీత దాటి, రుమాలుతో ముఖం అద్దుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మోకాలి రక్తం సాక్సులోకి కారుతూనే ఉంది. ఆ ఫొటో వాల్వుగది గోడమీద పచ్చబడిపోయి ఇప్పటికీ ఉంది.

దాన్ని అంటించిన నాటినుంచీ అతను ఈ కొండమీద కాలు కింద పెట్టలేదు. ఒక్కసారి పంక్చరై నడిచి రావలసివచ్చింది. ఆరోజు రుమాలు తియ్యలేదు, చొక్కాచేతికే ముఖం తుడుచుకున్నాడు. దిగినవాడికి రుమాలు లేదు. అది అతను తనకు తాను పెట్టుకున్న చట్టం. ఇంట్లో భార్య నలగని మడత చూసి, "ఏం, హంసగారు ఇవాళ నడిచొచ్చారా?" అని నవ్వింది. రెండ్రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు మహానుభావుడు.

పై ఉద్యోగం అతని వెనక చేరినవాడికిచ్చారు. తండ్రి ఇల్లు తమ్ముడు రాయించుకున్నాడు. అతను ఎవరినీ ఏమీ అనలేదు. ఉన్న ఒక్క బిడ్డా జ్వరంతో పోయిన మర్నాడు కూడా అలాగే కొండెక్కి వాల్వు తిప్పాడు. ఆ రోజు రుమాలుతో తుడుచుకున్నది చెమటొక్కటే కాదు. ఆ సంగతి భార్యకు తెలుసు. అందుకే ఎంత ఎగతాళి చేసినా ఇస్త్రీ మాత్రం ఒక్కరోజూ మానలేదు.

ఈమధ్య డాక్టరు గుండె బాగాలేదన్నాడు. కొండ తొక్కుతూ ఎక్కడం మానమన్నాడు.

"దిగి నడిస్తే మీ కిరీటమేం జారిపోతుందండీ?" అంది భార్య.

"హంస దిగలేదే."

"ఆయనకప్పుడు పాతికేళ్ళు. మీ పాతికేళ్ళప్పుడు నేనేమైనా అన్నానా?"

"ఆయన కొండ పెద్దది కదే మరి," అన్నాడతను.

ఆ రోజు మధ్యాహ్నం బజారులో కొత్త సైకిళ్ళ దుకాణం తెరవడానికి సాక్షాత్తూ హంసే వస్తున్నాడు. భార్య నీలంచొక్కా తీసి, ఇంకో రుమాలు ఇస్త్రీ చేసి జేబులో పెట్టింది.

"మీ రుమాలు సంగతి చెప్పండి. సంతోషిస్తాడు."

"ఛ, ఛ. చూసొస్తే చాలు," అన్నాడు గానీ, దారంతా ఆ మాటలే కూడబలుక్కున్నాడు.

హంస ముసలివాడయ్యాడు. అయినా కోటు నలగలేదు, నడుము వంగలేదు. జనంలోంచి ఎవరో అడిగారు: "ఆ మోకాలితో మంచుకనుమ ఎలా ఎక్కారు సార్?"

"ఎక్కడమేంటండీ!" అని పకపకా నవ్వాడు హంస. "ఆ మంచులో ఎవరికేం కనపడుతుంది? మా టీమ్ కారు పక్కకొచ్చింది, తలుపు పట్టుకున్నా. చివరి మలుపులో వదిలేశా. ఫొటోలవాళ్ళుండేది అక్కణ్ణుంచే కదా!"

"మరి రుమాలో?"

"అది రుమాళ్ళ మిల్లువాళ్ళ ప్రకటన. అలా తుడుచుకోమని వాళ్ళే నేర్పారు."

అందరూ గొల్లుమన్నారు. వాల్వాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. వరసలో అతని వంతొచ్చింది. హంస చెయ్యి కలిపి, "మీరూ తొక్కుతారా?" అన్నాడు.

"ఆఁ... కొండమీదికండీ. పనికి."

"ఈ వయసులో ఎందుకండీ? దిగి నడవండి హాయిగా!"

అతను తలూపాడు. జేబులో రుమాలు బయటికి తియ్యకుండానే వరసలోంచి పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం కొండ మొదట్లోనే దిగాడు. సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. మొదట సిగ్గేసింది, తర్వాత ఒళ్ళు మండింది. కారు తలుపు పట్టుకున్నందుక్కాదు. అడిగితే అబద్ధమాడే మర్యాదైనా లేదే ఆ మనిషికి! ఇన్నేళ్ళూ తను నమ్మినదాన్ని నలుగురిలో అంత తేలిగ్గా పారేశాడే! తమ్ముడు చేసినప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదు. రొమ్ములో ఏదో పట్టేసినట్టయితే ఆగి, చొక్కాచేతికి ముఖం తుడుచుకుని, మళ్ళీ నడిచాడు.

గదిలోకెళ్ళి ఫొటో చింపడానికి అంచు కింద గోరు దూర్చాడు. సాక్సులో రక్తం కనపడింది. అదొక్కటీ నిజమేనేమో. గోరు వెనక్కి తీసుకుని, ఊపిరందక కాసేపు నిలబడి, రెండు చేతులతో వాల్వు తిప్పాడు.

కింద వీధిలో ఆడవాళ్ళు విసుక్కుంటున్నారు. "బాబాయి నిద్రపోయాడా పిన్నీ?" అంది పొరుగింటమ్మాయి.

"హంసతో కబుర్లలో పడుంటారు," అంది భార్య. అంతలో కుళాయిలు దగ్గాయి, నీళ్ళొచ్చాయి.

బిందెలు నిండాయి, బక్కెట్లు నిండాయి. వేళ దాటింది. చీకటి పడింది. నీళ్ళు ఆగలేదు. "ఇవాళ ధర్మప్రభువయ్యాడే వాల్వాయన!" అని ఎవరో నవ్వారు. పిల్లలు వీధిలో పారే నీళ్ళలో గెంతుతున్నారు. భార్య తన కుళాయి కట్టేయలేదు. నిండిన బక్కెట్టు మీంచి పొర్లిపోతున్న నీళ్ళను చూస్తూ, "ఎవరైనా పైకెళ్ళండి నాయనా," అంది.

వాల్వుకెదురుగా కుర్చీలో కూర్చునే పోయాడట. పైకెళ్ళినవాళ్ళు కిందికి దించుకొచ్చి, ఆ మాట చెప్పి, ఇంట్లో పడుకోబెట్టారు. నీలంచొక్కా ఆమే విప్పింది. చొక్కా కుడిచెయ్యి చెమటా మట్టీ కలిసి అట్టకట్టి ఉంది. జేబులో రుమాలు, మధ్యాహ్నం తను వేసిన నాలుగు మడతల్లోనే, ఎక్కడా నలగకుండా ఉంది.