మక్కా హద్దు ఇవతల

నర్మెట్టలో జాకెట్లు కుట్టే యాకూబీ హజ్‌కు పోయిన ఏడాది అక్కడ ఎండలు నిప్పులు చెరిగాయి. అరఫాత్ మైదానంలో అల్లాకు దువా చేసుకున్నానని కూతురు నస్రీన్‌కు ఫోన్‌లో సంబరంగా చెప్పింది. మర్నాడు మినాలో, షైతాన్‌కు గుర్తుగా నిలిపిన స్తంభాలను రాళ్లతో కొట్టే జనంలో తప్పిపోయింది. ఆమెను తీసుకుపోయిన టూర్ వాళ్లు "వెతుకుతున్నం" అని ఒకసారి చెప్పి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

నస్రీన్ ఆటో ఎక్కి తండాకు పరుగెత్తింది. అక్కడి రుక్కి యాకూబీకి పాత గిరాకీ. రుక్కి భర్త హరిలాల్ జిద్దాలో నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు.

"అక్కా, మా అమ్మి కనిపిస్తలేదు. అన్నకు జర ఫోన్ చెయ్యి."

సంగతి వినగానే ఫోన్‌లో హరిలాల్ ముఖం వాడిపోయింది. "మక్కాలకు నన్ను రానియ్యరు. ముస్లింలు కానోళ్లను హద్దుకాడనే మలిపేస్తరు."

"మనిషి పానం పోతుంటే గదేం హద్దు!" అని రుక్కి గట్టిగా అరిచింది. వెంటనే నస్రీన్ వైపు చూసి నాలుక కరుచుకుంది.

నస్రీన్‌కు కోపం రాలేదు. "గా హద్దు లోపల మాకు సుత కట్టడి ఉన్నదక్కా. చెట్టు కొమ్మ ఇరువొద్దు, పిట్టను కొట్టొద్దు, పగోడు ఎదురైనా చెయ్యెత్తొద్దు. ఎన్కట ఇబ్రహీం నబీ తన భార్య హాజరాను, చంటిపిల్లగాన్ని ఆడ ఇడిశిపెట్టి పోయిండు. చుక్క నీళ్లు లెవ్వు. రెండు గుట్టల నడుమ ఆమె నీళ్లకోసం ఉరికింది. పిల్లగాని కాళ్లకాడ ఊట పుట్టింది. గా నీళ్లను పట్టుకొనే ఊరు లేసింది. తర్వాత తండ్రీకొడుకులు కలిసి కాబా కట్టిండ్రు. దునియాల ఏడున్నా మేం గా దిక్కుకే నమాజ్ చేస్తం."

నస్రీన్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గా ఊర్లె మా అమ్మి నీళ్లు లేక ఏడ పడ్డదో..."

హరిలాల్‌కు మదార్ గుర్తొచ్చాడు. భూపాలపల్లి దిక్కు ఘనపూర్ మనిషి, మక్కాలో ఒక దవాఖానలో పని చేస్తున్నాడు. "అమ్మి ఫొటో పంపు చెల్లె, మదార్‌కు పంపుత. నేను చెక్‌పోస్టు దాకా పోయి ఉంట" అని ఫోన్ పెట్టేశాడు.

ఎదురుచూపు మొదలైంది. ఒక ఫొటో వచ్చింది, యాకూబీ కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. మళ్లీ హరిలాలే ఫోన్ చేశాడు. మాట తడబడింది.

"చెల్లె... శవాల గది సుత చూడమందునా?"

రుక్కి నస్రీన్ చెయ్యి గట్టిగా పట్టుకుని, "చూడుమను" అంది.

తండాలో ఆడవాళ్లు పని వదిలి గడపలో కూర్చున్నారు. ఫోన్ మోగిన ప్రతిసారీ నస్రీన్ ఉలిక్కిపడేది.

చివరికి మదార్ వీడియోలో కనిపించాడు. "ఆ గదిల లేదు. గీ వార్డుల పేరు తెలువని ఒకామె ఉన్నది. చేతికి పేరు రాసిన హజ్ పట్టీ లేదు. అరబ్బీల అడిగిండ్రు, నేను ఉర్దూల అడిగిన, పలుకుతలేదు."

మంచం మీద మంచు సంచుల మధ్య ముఖం కమిలి, పెదాలు పగిలిన ఆడమనిషి. నస్రీన్ కళ్లు చికిలించి చూసింది. "ఏమో... అమ్మి తీరు లేదు."

రుక్కి ఫోన్ లాక్కుంది. "అన్నా, ఆమె చెవికాడ పెట్టు." యాకూబీ దుకాణం ముందు నిలబడి గదమాయించినట్టే అరిచింది. "యాకూబక్కా! నా రైక కుట్టినవా, లేదా?"

కనురెప్పలు కదిలాయి. పెదాలు మెల్లగా విడివడ్డాయి.

"రేపు... రేపిస్త."

నస్రీన్ "అమ్మీ!" అని కేకవేసి నేలమీద కూలబడింది. గడపలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఏడుస్తూ నవ్వారు.

యాకూబీ బతికింది. మూత్రపిండాలు దెబ్బతిని చాలారోజులు అక్కడే దవాఖానలో ఉంది, ఆ తర్వాత చక్రాల కుర్చీలో విమానం దిగింది. కానీ ఆ సాయంత్రం వాళ్లకు అవేవీ తెలియవు. మక్కా చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ట్యాంకర్‌ను వెనక్కి మలపమంటే, తెలిసిన వాళ్లు లోపల దవాఖానలో ఉన్నారని హరిలాల్ వచ్చీరాని అరబ్బీలో బతిమాలుతున్నాడు. తండాలో రుక్కి మిరపకాయల బస్తాలు పక్కకు జరిపి, ఉతికిన దుప్పటి పరిచి, "పడమరనే గదా?" అని అడిగింది. నస్రీన్ తలూపి, కొంగు సర్దుకుని నమాజ్‌కు నిలబడింది.