సీసా అడుగున ఎర్రచుక్క

తెల్లచొక్కాను ఎవరూ హంతకుడనరు, కాంట్రాక్టరుగారంటారు. ఆసుపత్రి గేటు పక్కన మందుల దుకాణం అతనిదే, ఆసుపత్రి చెత్త కాంట్రాక్టూ అతనిదే. ఆ రెండూ ఒకే చేతిలో ఎందుకున్నాయో అక్కడే స్ట్రెచర్లు తోసే స్ట్రెచర్ మామకు భార్య పోయాక గానీ తెలియలేదు.

ఖరీదైన ఇంజెక్షన్లు బయట కొనమన్నారు డాక్టరు. గేటు పక్క దుకాణంలోనే కొన్నాడు. సూదులు పడుతున్నా ఆమె ఒళ్ళు కాలిపోతూనే ఉంది. ముఖం మీదికి దుప్పటి లాగాక, బల్లమీది ఖాళీ సీసాను ఊరికే తిప్పి చూశాడు. అడుగున గోళ్ళరంగుతో పెట్టిన ఎర్రచుక్క.

అది ఆడవార్డు ఆయాల గుర్తు. ఖాళీ సీసాలను పగలకుండా, లేబులు చిరగకుండా ఏరి ఇస్తే తెల్లచొక్కా మనుషులు టీ డబ్బులిస్తారు. వాటాలు కలిసిపోకుండా ఒక్కో వార్డుకు ఒక్కో రంగు చుక్క. ఎప్పుడో వాడి పారేసిన సీసా కొత్త సీలు వేసుకుని అతని భార్య మంచం దగ్గరికి వచ్చింది.

ఆమెను సాగనంపి వచ్చి, దుప్పట్లు ఉతికే గదిలో అందరి మధ్యా ఆ సీసా పెట్టాడు.

పెద్ద ఆయా గుర్తుపట్టింది. "నా చేత్తో పెట్టిన చుక్కే అన్నయ్యా. వదినను నేనే చంపుకున్నానా?"

"నువ్విచ్చినప్పుడు అది ఖాళీయేనమ్మా. నీళ్ళు నింపింది వాడు."

"మన జీతాలిచ్చేదీ వాడే. ఆ మాట బయట అంటే ఉద్యోగాలు ఊడతాయి," అన్నాడు లిఫ్టు నడిపే బావ.

"జీతం ఎప్పుడిస్తాడో తెలియని ఉద్యోగం! ఊడితే ఏడవడానికైనా ఏముంది బావా?" అన్నాడు స్ట్రెచర్ మామ.

"ఆ టీ డబ్బులతోనే నా పిల్లకు పాలు," అని తల దించుకుంది ఇంకో ఆయా. ఆమెనెవరూ తిట్టలేదు. అక్కడ తిట్టే మొహం ఎవరికుంది?

పెద్ద ఆయా మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఇది దాచన్నయ్యా. ఇక మిగతా సీసా ఏదీ గేటు దాటకూడదు. ఖాళీ అయిందా, పగలాల్సిందే."

మర్నాడు తెల్లచొక్కా తనే వచ్చాడు. "సరుకేదే?"

"గాజుముక్కలున్నాయి బాబూ. తూచుకుంటారా?"

ఆ గదిలో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

తర్వాత అతని ఫిర్యాదు మీద పోలీసులొచ్చారు. "పగలగొట్టమన్నదెవడ్రా?"

"నేనే," అన్నాడు స్ట్రెచర్ మామ. జీపెక్కిస్తుంటే, దాచిన సీసాను గేటు దగ్గరి జనానికి కనబడేలా ఎత్తి పట్టుకుని అరిచాడు: "కొన్నవాళ్ళంతా అడుగు చూసుకోండి! రంగుచుక్క ఉంటే అది వాడి పారేసిన సీసానే!"

రోగుల బంధువులు సంచుల్లోంచి సీసాలు తీశారు. "ఇదిగో, పచ్చచుక్క!" అని ఎవరో కేకేశారు. ఇంకెవరో నీలం అన్నారు. జనం దుకాణం వైపు తిరిగారు. జీపు కదులుతుంటే వెనక దుప్పట్లు ఉతికే రాతి తొట్టిలో సీసాలు పగులుతూనే ఉన్నాయి.

స్టేషన్లో రాసుకునేవాడు తలెత్తకుండా అడిగాడు. "ఆస్తేమైనా ఉందా?"

"ఉండేది. ఆ ఇంజెక్షన్ల కోసం అమ్మేశాను. అరెకరం మెట్ట."