రెండు కుర్చీల కింది తివాచీ

కుషన్ మేస్త్రీ పొద్దుటి టీ ఎడమ కుర్చీలో కూర్చుని తాగుతున్నాడు. సాయంత్రం టీ మాత్రం రోజూ ఎదుటి కుర్చీలో. జత కుర్చీల్లో ఒకదాన్నే వాడితే దాని స్పాంజి కుంగిపోయి, రెండోది ఉబ్బిపోయి, అలిగిన మొగుడూ పెళ్లాల్లా కనిపిస్తాయని ఆయన బాధ. షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పే ఆ మాటను ఇంట్లో తానూ తప్పలేదు. కిటికీలోంచి పడిన ఎండకు కుర్చీల ఇత్తడి మేకులు ముద్దుగా మెరుస్తున్నాయి. కాసేపు వాటినే చూసి, చివరి గుక్క చప్పరించి లేచాడు.

ఇవాళ గది ఖాళీ చేస్తున్నాడు. డిపాజిట్టు మొత్తం చేతికొస్తే అక్క ఉండే వీధిలోనే గది తీసుకోవచ్చు. రాకపోతే షాపు వెనక స్టోరు గదే గతి. అక్క మాత్రం తమ్ముడు అప్పుడే పక్కింట్లో దిగిపోయినట్టు సంబరపడుతోంది.

తెరిచి ఉన్న తలుపులోంచి ఇంటావిడ వచ్చింది. కుర్చీలు జరిపించింది. వాటి ముందు, గదితోపాటు ఆవిడ ఇచ్చిన తివాచీ రెండుచోట్ల నూలు తేలి, అరికాళ్ల ఆకారంలో బోసిపోయి ఉంది. మిగతాదంతా నిన్న పరిచినట్టే ఉంది.

"ఇదేంటి మేస్త్రీగారూ? ఒక్కరే ఉంటానని కదా చేరారు?"

"ఒక్కణ్ణేనమ్మా."

"నా చెవిలో పువ్వులు పెట్టకండి. ఎదురెదురుగా రెండు జతల కాళ్లు కనబడుతుంటేనూ. ఒక్క మనిషి అరుగుదలైతే పోనీలే అనుకునేదాన్ని. రెండో మనిషిని పెట్టుకుని నాకు చెప్పలేదు చూశారూ, అందుకు డిపాజిట్లో సగం పట్టుకుంటా." అంతలోనే ఆవిడ గొంతు తగ్గించి నవ్వింది. "ఇంతకీ ఎవరండీ ఆవిడ? ఒక్కనాడూ నా కంటబడలేదు. భలే దాచారే."

మేస్త్రీ నోరు తెరిచాడు. ఎవరూ రాలేదమ్మా, రెండిట్లోనూ నేనే కూర్చున్నా అంటే చాలు, ఆవిడ నవ్వేసి డబ్బు చేతిలో పెట్టేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. ఇంతలో చూపు కిందికి పోయింది. నిజంగానే ఎవరో ఇద్దరు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, ఏళ్ల తరబడి కబుర్లు చెప్పుకున్నట్టుంది అక్కడ. ఆయన చెవులు వెచ్చబడ్డాయి.

"ఆవిడకి నలుగురిలోకి రావాలంటే మొహమాటం," అన్నాడు.

"అదీ, అలా నిజం చెప్పండి. సగం కోస్తున్నా మరి."

"కోసుకోండమ్మా."

గది కుదరలేదని అక్కకు ఫోన్ చేసి చెప్పాడు.

"నీ మొహం. ఏ పనైనా సవ్యంగా ఏడ్చావట్రా నువ్వు?" అంది అక్క.

షాపు బండి వచ్చింది. సామాను ఒక్క విడతలో ఎక్కేసింది.

"మీ సొంతవేవైనా బిగించుకునుంటే ఊడదీసుకోండి," అంది ఇంటావిడ గదికి తాళం వేయబోతూ.

ఆయన గుమ్మం పక్కకు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, బండెక్కాడు. చేరిన కొత్తలో తానే కొని బిగించుకున్న కాలింగ్ బెల్ గోడకే ఉండిపోయింది. కొన్నప్పుడు దాని మీటకు అంటి వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొర, ఎవరి వేలూ పడక, ఒక్క మూలైనా లేవకుండా, ఇంకా అలాగే ఉంది.