తొక్కింది ఎవరు

"ఎవరమ్మా ఇలా తొక్కింది?" అన్నాడు మా పెద్దసారు, గోడమీది తెరకేసి చూస్తూ.

తెరమీద ఒక గీత ఉంది. కారు యాక్సిలరేటర్ మీద కాలు ఎంత బలంగా పడిందో చూపించే గీత. మామూలుగా నడిపేవాళ్ళ గీత పిల్లలు గీసిన కొండల్లా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇది నిటారుగా లేచి, పైదాకా పోయి, అక్కడే కాసేపుండి ధబ్బున పడిపోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. పైన డ్రైవరు అన్నచోట నా పేరుంది. రోడ్డు పరీక్షల కోసం కంపెనీ నాకిచ్చిన కారు కాబట్టి ఎవరు నడిపినా నా పేరే పడుతుంది.

"నేనే సార్," అన్నాను.

గది గదంతా నవ్వింది. ఆడవాళ్ళ చేతికి స్టీరింగిస్తే ఇంతేనని ఒకాయన, గరిటె తిప్పినంత సులువనుకుందేమోనని ఇంకొకాయన. ఆ రోజు నుంచి నేను రాకెట్ మేడాన్ని. ఇంజన్ కంట్రోలర్లకి ప్రోగ్రాములు రాయడంలో ఆ గదిలో ఎవరైనా నా తర్వాతే. అయినా పళ్ళికిలిస్తూ నిలబడ్డాను. తొక్కింది మా ఆయనేనని చెప్పడం కన్నా, నాకు కారు నడపడం రాదని ఒప్పుకోవడమే ఆ పూట తేలికనిపించింది.

కారు నాకిచ్చారు, నడిపేది ఆయన. పెళ్ళాం నడుపుతుంటే మొగుడు పక్కన కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారని, అత్తగారు మొదటిరోజే తాళాలు నా చేతిలోంచి తీసి కొడుకు చేతిలో పెట్టారు. మా ఆయన బ్యాంకు మేనేజరు. ఆయనంత నెమ్మదస్తుడు లేడని బ్యాంకులో అందరూ అంటారు. పైన పటారం లోన లొటారం అని వాళ్ళకేం తెలుసు. నామీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. ఆ మాట ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు, ఏనాడైనా నీ ఒంటిమీద చెయ్యేశానా అని. నిజమే, చేతులెప్పుడూ స్టీరింగు మీదే ఉండేవి. ఆయన కోపమంతా కాల్లో ఉంటుంది. ఆయన చొక్కా ఇస్త్రీ కాకపోయినా, ఆఫీసువాళ్ళతో ఫోన్లో నేను నవ్వినా, ఇంట్లో ఒక్క మాటనడు. కారెక్కేదాకా ఆగుతాడు. తలుపులు పడ్డాక, బెల్టులు పెట్టుకున్నాక, ఊరు దాటాక, వెనకసీట్లో పాప ఉన్నా సరే, ముందు పోయే లారీ వెనక్కి గురిపెట్టి నేలకంటా తొక్కేస్తాడు. ఇంకోసారి చేస్తావా, చెప్పు, చస్తే ముగ్గురం చద్దాం అంటాడు, గొంతు కూడా పెంచకుండా. లారీ వెనక రాసిన అక్షరాలు పెద్దవైపోతుంటాయి. నేను నా వైపు లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూ, తప్పయిందండీ, ఇంకెప్పుడూ చెయ్యనండీ అని అరుస్తాను. అరిచేదాకా కాలు తియ్యడు. తీశాక బ్రేకు కొట్టి, అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంటాడు.

ఒకసారి లారీ వెనక కమ్మీ మా అద్దానికి జానెడు దూరంలో ఆగింది. నా నాలుక పళ్ళ మధ్య పడి తెగింది. నోరంతా రక్తం. ఆయన కాగితం రుమాలు చేతికిచ్చి, సీటు మీద పడనీకు అన్నాడు.

అత్తగారితో చెప్పాను. "కొట్టలేదుగా, కారేగా తోలాడు," అన్నారు. మగాడన్నాక కోపం ఎక్కడో ఒకచోట పోవాలిట. మా అమ్మతో చెప్పాను. ఆయనకి కోపమొచ్చే పనులు మానెయ్యమంది. ఊపిరి పీల్చడం కూడా అందులోకి వస్తుందని అమ్మకి ఎలా చెప్పను?

మా పాపకి ఏడేళ్ళు. ఒకరోజు కారెక్కేముందు నా చెవి దగ్గరికొచ్చి, "నాన్నకి ఇవాళ కోపంగా ఉందా అమ్మా? బ్యాగు పెట్టుకోనా?" అని అడిగింది. స్కూలు బ్యాగుని పొట్టకి ఆనించుకుని, బెల్టు దానిమీదుగా వేసుకుంటుందట. దెబ్బ మెత్తగా తగులుతుందట. ఎవరూ చెప్పలేదు, దానంతటదే కనిపెట్టింది. ఇంట్లో ఇంజినీరుని నేను, కనిపెట్టింది అది. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, ఎవర్నైనా చంపెయ్యాలనిపించింది. చంపాల్సినవాళ్ళ వరసలో ముందు నేనే నిలబడ్డాను.

గిన్నెలు తోముతుండగా తట్టింది. పాత కార్లలో పెడల్ నుంచి ఇంజనుకి ఇనప తీగ ఉండేది, కాలు లాగితే ఇంజను కదలాల్సిందే. ఇప్పుడా తీగ లేదు. కాలు అడుగుతుంది, అంతే. ఎంత గాలివ్వాలో, ఎంత పెట్రోలివ్వాలో కంట్రోలర్ తేలుస్తుంది. అది ఏం తేల్చాలో రాసేది నేను. పగలంతా ఇంజన్లకి బుద్ధులు చెప్పి, ఆ కాలి పక్కనే వణుకుతూ కూర్చుంటున్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టుంది నా బతుకు. సబ్బుచేతులతో అలాగే నిలబడిపోయాను. వెనకనుంచి అత్తగారు కుళాయి కట్టెయ్యమని కేకేశారు.

ఆఫీసులో మా ఆయన గీతల్ని మిగతావాళ్ళ గీతల పక్కన పెట్టి చూశాను. ముందు బండిని దాటేవాడూ నేలకంటా తొక్కుతాడు, ప్రమాదంలోంచి తప్పించుకునేవాడూ తొక్కుతాడు. కానీ వాళ్ళు స్టీరింగు తిప్పుతారు. బతకాలనుకునేవాడు పక్కకి తిప్పుతాడు, భయపెట్టేవాడు తిప్పడు. ముందున్న బండి మీదికొస్తున్నా తిన్నగా పట్టుకుని తొక్కుతూనే ఉంటాడు. ఇది నాకు ఏ చదువూ చెప్పలేదు, పక్కసీటు నేర్పింది. అలా తొక్కినప్పుడు కాలు ఎంత అడిగినా ఇవ్వకుండా, బండిని మెల్లగా ఆపేసేలా ప్రోగ్రాం రాశాను. మొండికాలు అని పేరు పెట్టాను.

పెద్దసారు పెదవి విరిచాడు. డబ్బిచ్చి కొనుక్కున్నవాడు తొక్కితే బండి పరిగెత్తాలిగాని, ఎదురు తిరిగే బండిని ఎవడు కొంటాడన్నాడు. "అయినా ఎదురుగా లారీని పెట్టుకుని ఎవడమ్మా అలా తొక్కేది, నువ్వు తప్ప? కావాలంటే నీ కారులో పెట్టుకో. నీకే అవసరం," అన్నాడు. మళ్ళీ నవ్వులు. పెట్టుకున్నాను. కంపెనీ మైదానంలో పాత టైర్లు గోడలా పేర్పించి, దానికెదురుగా నేనే కూర్చుని తొక్కి చూశాను. తొక్కిన ప్రతిసారీ ఆగింది.

ఆదివారం ఆడపడుచు ఇంటికి భోజనానికెళ్ళాం. అన్నాలు తింటూ వాళ్ళాయన, "బావగారూ, మీ కారు బుర్ర రాసింది మా చెల్లెమ్మేనటగా," అన్నాడు. మా ఆయన చక్కగా నవ్వాడు. ఆ నవ్వు చూసి, బయల్దేరేటప్పుడు పాప అడక్కముందే బ్యాగు తెచ్చి ఒళ్ళో పెట్టాను.

ఊరు దాటాక లారీ దొరికింది. "కారు బుర్ర రాశావా? ఏదీ, ఇప్పుడు రాయి," అని తొక్కాడు. కారు ఒక్క ఊపు ఊపింది. తర్వాత ఇంజను గొంతు తగ్గిపోయింది. మళ్ళీ తొక్కాడు. లారీ దూరమైంది. పెడల్ని తేలుని చంపినట్టు టపటపా తొక్కాడు. కారు మనిషి నడకంత మెల్లగా నడిచి రోడ్డంచున నిలబడిపోయింది.

"ఏం చేశావ్ దీన్ని?"

"దానికేం కాలేదండీ. మీ కాలే బాగాలేదు."

అప్పుడు లేచింది చెయ్యి. కారు మాట వినకపోయేసరికి ఆయన దగ్గర మిగిలింది అదొక్కటే. చెంప మీద, కంటి మీద, చెవి మీద. జుట్టు పట్టుకుని డాష్‌బోర్డుకేసి బాదాడు. ముక్కులోంచి రక్తం సీటు మీద పడింది, ఈసారి పడనిచ్చాను. ఆయన మణికట్టు పళ్ళతో పట్టి, వదిలేదాకా కొరికాను. నా నోట్లోది ఎవరి రక్తమో నాకు తెలీలేదు, తెలుసుకోవాలనిపించలేదు. దిగి వెనక తలుపు తీస్తే పాప బ్యాగుని వాటేసుకుని బిగుసుకుపోయి ఉంది.

"బ్యాగు తీసెయ్యమ్మా," అన్నాను. "ఇంక ఆ కారెక్కం."

బస్సెక్కి తిన్నగా పోలీస్ స్టేషన్‌కెళ్ళాం. అక్కడాయన నా మొహం చూసి, మొదటిసారేగా, ఇంటికెళ్ళి సర్దుకోండమ్మా అన్నాడు. మొదటిసారి కాదన్నాను. రుజువేదన్నాడు. ఇన్నేళ్ళ దానికి నా ఒంటిమీద ఒక్క మచ్చ లేదు.

సోమవారం మీటింగుకి నేను వెళ్ళేసరికే తెరమీద కొత్త గీత ఉంది. పరీక్షల కారు కాబట్టి దాని ప్రయాణాలన్నీ ఆఫీసుకి వాటంతటవే చేరతాయి. పెద్దసారు తెరవైపే చూస్తూ మహా హుషారుగా ఉన్నాడు. కాలు నేలకంటా తొక్కినా కంట్రోలర్ లొంగలేదని, తను మొదట్నించీ చెబుతూనే ఉన్నానని, కంపెనీ తరఫున పేటెంటుకి పంపాల్సిందేనని అందరికీ వివరిస్తున్నాడు.

"ఇంతకీ ఎవరమ్మా తొక్కింది, మళ్ళీ నువ్వేనా?"

నవ్వడానికి సిద్ధంగా అందరూ నావైపు తిరిగారు. వాచి మూసుకుపోయిన కన్ను చూశాక ఎవరూ నవ్వలేదు.

"మా ఆయన సార్," అన్నాను. "ఇదీ, ఆ పాతవన్నీ కూడా. పక్కన నేనూ, వెనక మా పాపా ఉన్నాం."

పెద్దసారు కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"అన్నిటికీ ప్రింట్లు కావాలి, స్టేషన్లో ఇవ్వాలి. డ్రైవరు అన్నచోట నా పేరుంది. అది కొట్టేసి, కింద మీరు సంతకం పెట్టండి."