సూది వరుస

గోదావరి భయమల్లా ఒక్కటే: మొగుడి రోగం తన నాలుగేండ్ల బిడ్డ రవళికి అంటుతదేమోనని.

దుబాయ్ కొలువుకు మెడికల్ పరీక్ష కోసమని బొంబాయి పోయిన మొగుడు హన్మాండ్లు, ‘అన్‌ఫిట్’ అని రాసిన కాయితం పట్టుకొని బోధన్‌కు తిరిగొచ్చి వారమైంది. ఏడో తరగతిల బడి మాని బీడీల చాట ముందట కూసున్న గోదావరి, ఆ ఇంగ్లిషును కూడబలుక్కొని చదివింది. హెపటైటిస్ సి.

“గిదేం రోగమయ్యా?”

“లివర్ల ఉంటదట. గల్ఫ్ పోయేటోళ్లకు వస్తది, ఆడోళ్లకు రాదు. నీ బీడీలేవో నువ్వు సుట్టుకో.”

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడలేదు. ఆ పూటే మూడు కంచాలు వేరు చేసింది. మొగుడి గ్లాసుకు ఎర్రదారం కట్టింది. తనకూ అంటిందో ఏమోనని బిడ్డకు చేత్తో ముద్ద పెట్టుడు మానేసింది. చెంచాతో పెట్టబోతే రవళి దాన్ని విసిరికొట్టి, “నీ చేత్తోనే పెట్టు” అని ఏడ్చేది. తునికాకు కత్తిరిస్తూనే దిగ్గున లేచి, కండ్లు పచ్చబడ్డయేమోనని పిల్ల కంటిరెప్ప కిందికి లాగి చూసేది. రోజుకు పదిసార్లు. బీడీలు కూడా వంకర పోయినయి. “గివి బీడీలా, ఎలుకలు మింగిన పాములా?” అని కార్ఖానల కట్టలు ఏరే మనిషి సగం తీసి పారేసిండు.

శనివారం రవళికి ఒళ్లు కాలింది. కార్ఖాన అరుగు మీద సూది డాక్టర్ దేవిదాస్ కూసునే రోజది. నడుము నొప్పికి, నీరసానికి బీడీలోళ్లంతా అక్కడే తాకత్ సూది వేయించుకుంటరు. చెరుకు కొట్టే రోజుల్లో హన్మాండ్లు కూడా అక్కడికే పోయేటోడు. పెద్దోళ్లు ముందు, పిల్లలు ఆఖర్న, అది అరుగు మర్యాద. అందరికంటే ముందు, వరుసల అందరికన్నా పెద్దదైన బీడీల సత్తవ్వ.

“నా తోలు తడకోలె ఉంటది దేవిదాసూ, సూది వంగుతది సూస్కో!”

అందరూ నవ్విండ్రు. దేవిదాస్ సూది పొడిచి, గిన్నెలో వేడినీళ్లల్ల ముంచి, పక్కామె జబ్బ పట్టిండు. వరుస కదిలింది. రవళిని ఎత్తుకొని గోదావరి ఒక్కో అడుగూ ముందుకేసింది.

బీడీలు అప్పజెప్పొచ్చిన పక్కింటి అజీజా ఆమె చెయ్యి పట్టి గుంజింది.

“పొల్లకు గా సూది ఇప్పియ్యకు.”

“జరం కాలుతుందక్కా!”

“కంచాలు వేరు జేస్తివి, సూది వేరు జెయ్యకపోతివి గదనే పిచ్చిదానా! మా తమ్ముడు లతీఫ్‌ది గూడ గిదే కత. హైద్రాబాద్ల డాక్టర్ నా ముందట్నే చెప్పిండు. ఎంగిలికి రాదు, నెత్తురుతోని వస్తది. ఒకల నెత్తురంటిన సూది ఇంకొకలకు పొడిస్తె వస్తది.”

“మరి గీ ముచ్చట మాకెవలు చెప్పలేదేంది?”

“మన గల్లీల గా రోగం పేరు ఎర్కున్నోళ్లంత పాస్‌పోర్టున్న మొగోళ్లే. మనల్నెవలు పరీక్షకు బొంబాయి తోల్కపోయిండ్రు? మనకొస్తె పసిరికలని మణికట్టుకు వాత వెడ్తరు.”

గోదావరి చూపు సత్తవ్వ మణికట్టు మీద పడింది. నున్నగా మెరిసే వాత. నిరుడు కామెర్లతో ఆమె కండ్లు పచ్చబడ్డప్పుడు పెట్టింది. ఆమెకు పొడిచిన సూదే తర్వాత పదకొండు మందికి. ఆఖర్న పిల్లలు. ఎన్ని శనివారాలు తనూ ఆ వరుసల నిలబడ్డది!

“ఏందమ్మా, వేడినీళ్లల్ల ముంచుతనే ఉన్న గద!” అని దేవిదాస్ వెనకనుంచి అరుస్తుంటే బిడ్డనెత్తుకొని అరుగు దిగింది.

సోమవారం, రవళి జరం తగ్గినంక, నిజామాబాద్ బస్సెక్కింది. తల్లీబిడ్డలిద్దరూ పెద్దాసుపత్రిల పరీక్షకు నెత్తురిచ్చిండ్రు. నాలుగు రోజులు గోదావరికి కూసుంటే కుదరలేదు, నిలబడితే కుదరలేదు. కాయితాలొచ్చినయి. రవళికి లేదు. గోదావరికి ఉంది.

ఆ పగలు ఎర్రదారం తెంపి, పప్పన్నం కలిపి, బిడ్డకు చేత్తోనే ముద్దలు పెట్టింది. పెడుతూ పెడుతూ ఏడ్చింది.

శనివారం అరుగు మీద నిలబడి అందరికీ చెప్పింది. సగం మంది నవ్విండ్రు. సగం మంది కొత్త సూది తెమ్మని దేవిదాస్ మీదికి పోయిండ్రు. వరుసలో ముందు జాగ మాత్రం ఖాళీగా ఉంది. సత్తవ్వ సిరికొండలో బిడ్డ ఇంటికి పోయిందట, ఇక అక్కడ్నే ఉంటదట. అక్కడ కూడా సూది డాక్టరుంటడు, వరుస ఉంటది. పెద్దదని ఆమెనే ముందు కూసోబెడతరు.

మీలో ఎవరన్నా సిరికొండ దిక్కు పోతే, మణికట్టు మీద వాత ఉన్న బీడీల సత్తవ్వ ఇల్లేదని అడగండి. ఒళ్లెట్లుందో చూడండి. నవ్వించి పంపబోతది, ఊకోకండి. నెత్తురు పరీక్షకు తోల్కపోండి.